బీరువాలో ఎలక్ట్రానిక్స్ క్షేమం

ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి ఎలక్ట్రానిక్ సామాను అక్కర్లేదు. అసలు అది కంటికి కనబడకపోతేనే చదువు బాగా వంటబడుతుంది!

నవ్వకండి. నేను వరంగల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. పదహారేళ్ల పిల్లలకు ఇంటర్‌లో ఎలక్ట్రానిక్స్ అనే ఒకేషనల్ కోర్సు పెడితే ఏమవుతుందో మొదటి రోజు నుంచీ దగ్గరుండి చూశాను. పెద్ద పెద్ద డిగ్రీల వాళ్లు ఎవరైనా వాదనకు వస్తానంటే రమ్మనండి, నేను సిద్ధం.

ఎనభై నాలుగులో మా కాలేజీకి ఆ కోర్సు వచ్చింది. కోర్సు వెనకే ఒక చెక్కపెట్టె వచ్చింది. పెట్టె నిండా గడ్డి, గడ్డి నడుమ సామాను. ఆసిలోస్కోప్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి, సోల్డరింగ్ ఐరన్లు నాలుగు, పొట్లాల్లో రెసిస్టర్లు, కెపాసిటర్లు. పెట్టెకు నాలుగు వైపులా 'పగిలేవి, జాగ్రత్త' అని రాసి ఉంది. మా ఎలక్ట్రానిక్స్ ఇన్‌ఛార్జి సారు సాంబమూర్తిగారు ఆ మాటను ఎంత శ్రద్ధగా చదివారంటే, ఆ కోర్సులో అంత శ్రద్ధగా చదివిన మాట మరొకటి లేదు.

ఆ సాయంత్రమే సామానంతా స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఒక్కొక్క వస్తువు ఎదురుగా 'కండిషన్: గుడ్' అని పడింది. తర్వాత అది ఇనుప బీరువాలోకి వెళ్లింది. బీరువాకు తాళం పడింది. తాళంచెవి సాంబమూర్తిగారి మొలతాడుకు ఎక్కింది. స్నానానికి పోయినా ఆ తాళంచెవి విప్పేవారు కాదు. ఈ సంగతి నాకెలా తెలుసంటారా? ఆయన నాకు చాలా దగ్గరివాడు లెండి.

ఇది పిసినారితనం అని తొందరపడి అనేస్తారు కొందరు. వాళ్లకు ప్రభుత్వోద్యోగం తెలియదు. మీటర్ పోతే ఎవరు జవాబు చెప్పాలి? ఇన్‌ఛార్జి. మీటర్ చెడిపోతే? ఇన్‌ఛార్జి. పిల్లలకు మీటర్ వాడటం రాకపోతే? ఎవరూ కాదు! ఇప్పుడు చెప్పండి, బుద్ధున్నవాడు ఎవడైనా ఆ బీరువా తెరుస్తాడా?

ఇక తెరవకపోవడం వల్ల కలిగిన లాభాలు ఎన్నని చెప్పను!

మొదటిది, రెండేళ్లలో మా ల్యాబ్‌లో ఒక్కరికీ షాక్ కొట్టలేదు. ఒక్క వేలు కాలలేదు. ఒక్క ఫ్యూజు పోలేదు. పక్కనున్న కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లలు చొక్కాలకు చిల్లులు చేసుకుని ఇంట్లో తిట్లు తింటుంటే, మా పిల్లలు ఇస్త్రీ మడత నలగకుండా ప్రాక్టికల్స్ ముగించుకుని వచ్చేవారు.

కరెంటు సంగతి చూడండి. పరకాల నుంచి వచ్చే పిల్లలు చెప్పేవారు, అక్కడ మోటర్లకు కరెంటు లేక రైతులు పొలం గట్ల మీద తలలు పట్టుకుని కూర్చుంటున్నారని. మా ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ కరెంటు కోత వల్ల ఒక్క పూట కూడా ఆగలేదు! దేశంలో ఏ ల్యాబ్‌కైనా ఇంతటి ఘనత ఉందా?

ఎట్లా ఆగుతుంది? సాంబమూర్తిగారు బోర్డు మీద మీటర్ బొమ్మ గీసేవారు. "ఇప్పుడు స్విచ్ వేశామనుకోండి. ముల్లు కదిలిందనుకోండి. రెండు వోల్టుల దగ్గర ఆగిందనుకోండి" అనేవారు. ఇరవై మంది పిల్లలూ రికార్డులో రెండు అని రాసుకునేవారు. ఆ ముల్లు ఎన్నడూ తప్పు చూపలేదు. నిజం మీటర్లు అట్లా చూపిస్తాయా? ఒకసారి ఒకటి పాయింట్ తొమ్మిది అంటాయి, ఒకసారి రెండు పాయింట్ ఒకటి అంటాయి. పిల్లలకు లేనిపోని అనుమానాలు!

పాఠాల్లో కాస్త ఇబ్బంది పెట్టింది రంగుల పాఠం ఒక్కటే. రెసిస్టర్ అనే వస్తువు మీద రంగుల పట్టీలు ఉంటాయి. ఒక్కో రంగు ఒక్కో అంకె. ఆ పట్టీలు చూసి అది ఎన్ని ఓములదో చెప్పాలి. కాలేజీలో ఉన్నది తెల్ల చాక్‌పీసు. రంగు చాక్‌పీసులకు అర్జీ పెట్టి ఏడాది అయింది. సాంబమూర్తిగారు తెల్ల చాక్‌పీసుతో మూరెడు రెసిస్టర్ గీసి, తెల్ల పట్టీలు గీసి, "ఇది ఎరుపు, ఇది నలుపు" అని చెప్పేవారు. రికార్డులో గీసేటప్పుడు బొమ్మ మూడంగుళాలకు తగ్గకూడదనేవారు. బొమ్మ పెద్దగా ఉంటే ఎక్స్‌టర్నల్‌కు, అంటే బయటి ఊరి నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చే ఆయనకు, చూడసొంపుగా ఉంటుందని.

ఈ రంగుల చిక్కును విప్పింది అనసూర్య అనే అమ్మాయి.

అనసూర్యది కొత్తవాడ. తండ్రి మార్కండేయులు జంపఖానాలు నేస్తాడు. తల్లి భాగ్యమ్మ నూలు సరిచేస్తుంది. పదేళ్ల వయసు నుంచీ అనసూర్య కండెలు చుడుతోంది. ఆమెను కాలేజీకి పంపితే ఇంట్లో రెండు చేతులు తగ్గుతాయి. అయినా మార్కండేయులు పంపాడు. ఎందుకంటే హైదరాబాద్‌లో రేడియోలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ వారు, ఈ కోర్సు ఫస్ట్ క్లాసులో పాసైన వాళ్లను అప్రెంటిస్‌గా తీసుకుంటామని నోటీసు పంపారు. ఫస్ట్ క్లాసు వస్తేనే సుమా, ఒక్క మార్కు తగ్గినా లేదు. అనసూర్య ఆ నోటీసును తన రికార్డు మొదటి పేజీలో, దేవుడి పేరు రాసే చోట, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది.

ఆ అమ్మాయి ఒకనాడు సంచినిండా కండెలు తెచ్చింది. జానెడు పుల్లలకు రంగు రంగుల నూలు పట్టీలుగా చుట్టి, క్లాసులో అందరికీ తలా ఒకటి ఇచ్చింది. "సార్, గివే మన రెసిస్టర్లు. ఏ రంగు పోగు గావాలన్నా మా అమ్మకాడ ఉంటది" అంది. వారం రోజుల్లో క్లాసంతా రంగులు చూసి ఓములు గడగడా చెప్పేశారు. చూశారా! బీరువా తెరిచి ఉంటే ఈ తెలివి బయటపడేదా?

కాకపోతే ఆ అమ్మాయికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ప్రతి శనివారం క్లాసు అయ్యాక బీరువా దగ్గర నిలబడేది.

"సార్, ఒక్కపారి మీటర్ ముట్టుకుంట సార్."

"చివర్లో ముట్టుకోవచ్చమ్మా. ఇప్పుడే ఏం తొందర?" అనేవారు సాంబమూర్తిగారు.

దసరాకు మాత్రం బీరువాకు ఆయుధపూజ ఘనంగా చేశాం. తలుపులకు పసుపు కుంకుమ పెట్టి, తాళానికి పూలదండ వేశాం. అటెండర్ రాయమల్లు కొబ్బరికాయ కొట్టాడు. తల్లిదండ్రులను కూడా పిలిచాం. మార్కండేయులు వచ్చి, దండం పెట్టి, ప్రసాదం తీసుకుని అక్కడే నిలబడ్డాడు.

"సారూ, ఇగ తీస్తరా?" అన్నాడు.

"ఏంది తీసేది?"

"బీరువ సారూ. పూజ అయింది గద."

"పూజ వేరు, తీయడం వేరు" అన్నారు సాంబమూర్తిగారు.

"మా ఇంట్ల గూడ మగ్గానికి పూజ చేస్తం సారూ. తెల్లారి దానిమీదనే కూసుంటం. మీకు తెల్వనిదా? మీ బాపు గూడ మా వాడల మగ్గం నేసినోడే గద" అన్నాడు మార్కండేయులు. మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

సాంబమూర్తిగారు ఆయనకు ఇంకో కొబ్బరిచిప్ప ఇచ్చి పంపించారు.

ఇట్లా సుఖంగా రెండేళ్లు గడిచి ఎనభై ఆరు మార్చి వచ్చింది. ప్రాక్టికల్ పరీక్ష. ఎక్స్‌టర్నల్ రాజేశ్వర్ రావుగారు డోర్నకల్‌లో బండి మారి పొద్దున్నే దిగారు. మంచి మనిషి. టీ తాగి, "సామాను బయట పెట్టించండి" అన్నారు.

ఇక తప్పలేదు. సాంబమూర్తిగారు గోడ వైపు తిరిగి తాళంచెవి విప్పారు. తాళంలో కొబ్బరినూనె పోస్తే గానీ అది తిరగలేదు. రెసిస్టర్ల పొట్లం తీసి ఒక్కో టేబుల్ మీద ఒక్కో రెసిస్టర్, పక్కన ప్రశ్న చీటీ పెట్టారు. రెండు ప్రశ్నలు: రంగులు చూసి విలువ చెప్పాలి, తర్వాత మీటర్‌తో కొలిచి చూపాలి.

పిల్లలు లోపలికి వచ్చారు. అనసూర్య తన టేబుల్ దగ్గరికి వెళ్లింది. మగ్గం ముందు కూర్చోబోయే ముందు నలుసు, పోగుముక్క లేకుండా తుడవడం వాళ్ల ఇంటి పద్ధతి. టేబుల్ మీద బియ్యపుగింజంత చెత్త ఏదో కనిపించింది. అరచేత్తో చక్కగా నెట్టేసింది. ఓణీ కొంగుతో ఒకసారి తుడిచింది. ఆన్సర్ షీట్ పెట్టుకుంది. చేతులు కట్టుకుని నిలబడింది.

అయిదు నిమిషాలయ్యాక చెయ్యెత్తింది.

"సార్, నాకు రెసిస్టర్ ఇయ్యలే."

ఆమె వెనకే ఇంకొకరు. "నాకు గూడ ఇయ్యలే సార్." ఆ వెనక మరో ఇద్దరు. మొత్తం పద్ధెనిమిది మంది చేతులు లేచాయి. లేవని రెండు చేతుల్లో ఒకటి కేసముద్రం నుంచి వచ్చే మొగిలిది. వాడు తన రెసిస్టర్ తీగతో ప్రశాంతంగా పన్ను కుట్టుకుంటున్నాడు.

రాజేశ్వర్ రావుగారు అనసూర్య టేబుల్ చూశారు. కింద చూశారు. ఆయనకు సంగతి అర్థమైంది. "రెసిస్టర్ ఎంత ఉంటుందనుకున్నావమ్మా?" అని మెల్లగా అడిగారు.

అనసూర్య చెయ్యి చాపి చూపింది. "గింత సార్. కండెంత."

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

అనసూర్య మోకాళ్ల మీద కూర్చుంది. తెగిన పోగు కొస వెతికినట్టు నేలంతా అరచేత్తో నిమిరింది. దొరికింది. వెలుగులో పెట్టి చూసింది. "కాఫీ రంగు, నలుపు, ఎరుపు. వెయ్యి ఓములు సార్. కొసకు బంగారు రంగున్నది, నూటికి అయిదు అటో ఇటో" అంది. కళ్లు మాత్రం ఆ వస్తువు మీదనే ఉన్నాయి. రెండేళ్లు ఉత్తరాలు రాసుకున్న చుట్టాన్ని మొదటిసారి చూసినట్టు చూసింది.

"శభాష్! ఇప్పుడు మీటర్‌తో కొలువు" అన్నారు రాజేశ్వర్ రావుగారు.

మీటర్ తెచ్చారు. ఆమె తీగలు రెసిస్టర్‌కు తగిలించింది. ముల్లు కదల్లేదు. తిప్పి పెట్టింది. కదల్లేదు. రాయమల్లు మీటర్ వెనక మూత ఊడదీసి చూసి, "సార్, సెల్లు కారి మొత్తం తినేసింది" అన్నాడు. లోపలంతా ఆకుపచ్చ పొడి. రెండేళ్లు వాడకుండా సెల్లు అందులోనే ఉంచితే ఇంకేమవుతుంది?

ఇప్పుడు మీకు స్టాక్ రిజిస్టర్ గొప్పతనం చెబుతాను. రిజిస్టర్‌లో ఆ మీటర్ 'గుడ్' అని ఉంది. ఎనభై అయిదులో తనిఖీ చేసి 'గుడ్' అని సంతకం ఉంది. పరీక్షకు వారం ముందే తనిఖీ చేసి 'గుడ్' అని మరో సంతకం ఉంది. మూడు గుడ్లున్న మీటర్ చెడిపోవడం సాధ్యమా?

"మీటర్ పనిచేయలేదని రాస్తాను. పిల్లల తప్పు లేదు కదా" అన్నారు రాజేశ్వర్ రావుగారు.

సాంబమూర్తిగారు ఆయన్ని వరండాలోకి తీసుకుపోయారు. ఆ మాట కాగితం మీద పడితే ఎంక్వయిరీ వస్తుందని, ఇంట్లో పెద్ద సంసారం ఉందని, తనిఖీ సంతకాలు తనవేనని చెప్పారు. రాజేశ్వర్ రావుగారు మంచి మనిషి అని ముందే చెప్పాను కదా. మంచివాళ్లకు ఎదురుగా ఉన్నవాడి కష్టం ముందు కనిపిస్తుంది.

మీటర్ బాగుంది, కొలత రాలేదు. అయితే లోపం ఎవరిది? లెక్క సులువే. ఇరవై మంది పేర్ల ఎదురుగా 'కొలవలేకపోయారు' అని రాసి, ఆ ప్రశ్నకు సున్న వేశారు.

పాసైతే చాలనుకున్న పంతొమ్మిది మంది సంబరపడి సినిమాకు పోయారు. అనసూర్యకు నాలుగు మార్కుల తేడాతో ఫస్ట్ క్లాసు పోయింది.

సాయంత్రం బండి ఎక్కే ముందు రాజేశ్వర్ రావుగారు మార్కుల షీట్ మళ్లీ తీశారు. "నేలమీద వెతికిన ఆ అమ్మాయికి ఏమన్నా చేద్దామా?" అన్నారు. కలం కూడా తీశారు.

"కొట్టివేతలు ఉండకూడదు సార్, రూల్" అన్నారు సాంబమూర్తిగారు.

పాఠకులారా, ఇంతవరకూ వచ్చారు కాబట్టి ఒక చిన్న విషయం చెప్పకపోతే బాగుండదు. ఆ సాంబమూర్తిని నేనే. ఆ తాళంచెవి ఎక్కింది నా మొలతాడుకే. నా గురించి నేనే 'గారు' అని రాసుకున్నందుకు మన్నించండి. స్టాక్ రిజిస్టర్ రాసీ రాసీ, ఉన్నదానికంటే మంచిగా రాయడం అలవాటైంది.

మొన్న వానాకాలంలో మా ఇంటి రేడియో మూగపోయింది. ఎలక్ట్రానిక్స్ ఇన్‌ఛార్జి ఇంట్లో రేడియో చెడిపోతే ఎక్కడికి తీసుకుపోవాలి? చౌరస్తాలో షాపులకు పోతే తెలిసినవాళ్లు నవ్వుతారు. టవల్‌లో చుట్టుకుని సందుల్లోంచి పోతుంటే, కొత్తవాడలో ఒక ఇల్లుంది, బాగా చేస్తారని ఎవరో చెప్పారు. ఎవరిల్లో అడగలేదు. వెళ్లాక తెలిసింది.

లోపల మార్కండేయులు మగ్గం ఆడుతోంది. ఆ పక్కనే కిటికీ దగ్గర టేబుల్, టేబుల్ నిండా విప్పిన రేడియోలు. నడుమ అనసూర్య. కోర్సులో చేరిన మూడోనాటి నుంచే వాడంతా తమ మూగ రేడియోలు తెచ్చి ఆ ఇంట్లో పడేసేదట. పని రాకుండా ఎట్లా ముట్టుకునేదని పరీక్ష దాకా మూతే తీయలేదట, ఆ తర్వాత వాటిని ఒక్కొక్కటే విప్పి నేర్చుకుందట. ఎన్ని పాడుచేశావమ్మా అంటే, "మస్తు పాడుచేసిన సార్. ఎవ్వలు ఏమనలే" అంది.

నాకు కుర్చీ వేసి, భాగ్యమ్మ చేత చాయ్ ఇప్పించింది. రేడియో విప్పింది. ఆమె మీటర్‌కు అద్దం పగిలి ఉంది, విరిగిన మూతను ఎర్ర నూలుతో గట్టిగా కట్టి ఉంది. రిజిస్టర్‌లో రాయాల్సి వస్తే దాన్ని ఏ ఇన్‌ఛార్జీ 'గుడ్' అనడు.

"సార్, జర గీ ఎర్ర తీగ కొస గీడ పట్టుకోండ్రి" అంది.

పట్టుకున్నాను. ఆ మీటర్ ముల్లు చటుక్కున లేచి ఊగి ఒకచోట నిలబడింది. నిజంగా కదిలింది! అనుకోండి, అనుకోండి అని ఎన్నిసార్లు చెప్పానో, అది కదలడం నేను చూడటం అదే మొదలు. ఆ సంగతి ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. నాకు మాత్రం ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

పది నిమిషాల్లో రేడియో పాడింది. అనసూర్య పట్టుకారుతో నల్లగా మాడిన చిన్న ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇగో సార్, గీ రెసిస్టర్ కాలింది. కొత్తది ఏసిన. దీన్ని పారేయకుండ్రి, కాలేజీకి పట్కపోండ్రి. రెసిస్టర్ ఎంతుంటదో పిలగాండ్లకు ఎరుకైతది."

ఎత్తిపొడుపు అయితే తట్టుకునేవాణ్ణి. ఆ పిల్ల నిజంగానే చెప్పింది.

మర్నాడు కాలేజీలో రిజిస్టర్ తెరిచాను. కాలేజీకి వచ్చిన వస్తువు ఏదైనా ఎక్కించాలి కదా. 'రెసిస్టర్, ఒకటి' అని రాయబోయాను. కండిషన్ దగ్గరికి కలం పోకముందే చెయ్యి దానంతటదే 'గు' రాయడానికి వంగుతోంది. ఎక్కిస్తే అది స్టాకు. స్టాకు అయితే బీరువాలోకి. బీరువాలోకి పోతే తాళం.

రిజిస్టర్ మూసేశాను. ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకుని క్లాసుకు పోయాను. ముందు బెంచీ అమ్మాయి చేతిలో పెట్టి, చూసి పక్కవాళ్లకు ఇవ్వమన్నాను.

ఆ అమ్మాయి చాలాసేపు చూసింది. "గింతేనా సార్?" అంది.

"గింతే" అన్నాను.

అది చేతులు మారుతూ మారుతూ నాలుగో బెంచీ దగ్గర కింద పడింది. అందరూ బెంచీల కింద దూరి వెతకడం మొదలుపెట్టారు. నేను కూడా మోకాళ్ల మీద కూర్చున్నాను. కిందకు వంగితే మొలతాడుకున్న తాళంచెవి పొట్టలో గుచ్చుకుంది, దాన్ని విప్పి టేబుల్ మీద పెట్టాను. ఈ సంగతి దయచేసి ఆడిట్ వాళ్లకు చెప్పకండి.